గిన్నెల ఆదం నడిపిన బాతు

అనకాపల్లి గిన్నెల కొట్ల ఈదిలో ఆదాన్ని ఎరగని ఆడమనిషి ఉండీది కాదు. పెళ్లి సామాను కొన్నోళ్లంతా ఆడి సాప ముందుకే వచ్చీవోరు. సిన్న ఉలి, సిన్న సుత్తి ఎట్టుకుని టిక్కు టిక్కుమని ఇత్తడి బిందె మీద పేరు కొట్టీవోడు. ఇరవయ్యొక్క బిందెలున్నా సరే, అచ్చరంలో ఎంట్రుకవాసి తేడా రాదు. అదీ ఆడి గొప్ప.

ఓ సుక్కురోరం, నమాజు సేసుకొచ్చి ఆదం కూకున్నాడో నేదో, బావ మీరా సాహెబు రీలు డబ్బా సంకనెట్టుకుని పరిగెత్తుకొచ్చేడు. ఆదం పెళ్లాం రెహానాకి అన్న ఆడు, సినిమా హాల్లో ఆపరేటరు. మొకంలో నెత్తురు సుక్క నేదు.

"నా నౌకరీ పోయింది, బావా."

"ఏటైందో సెప్పు ముందు."

ఆదోరం పొద్దున్న ఆటకి, బడిపిల్లలకని ఇంగిలీసు పిచ్చరు తెచ్చేరు. అందులో పిల్ల నిజం మనిషి, బాతు మాత్తరం గీసిన బొమ్మ. రెండూ కలిసి ఆడతాయి, పాడతాయి. మజ్జిలో బాతు తప్పిపోద్ది. ఆకర్న పిల్ల ఏటొడ్డున కూకుని ఎదురుసూత్తంటే, బాతు ఈదుకుంటా వచ్చేత్తాది. ఆ సుక్కురోరం పొద్దున్నే ముందుగా ఏసి సూసుకుంటంటే రీలు ఇరుక్కుని, బాతు వచ్చే ముక్కంతా కాలి బొగ్గైపోయింది. పిల్ల ఎదురుసూసే ముక్కే మిగిలింది.

"మేనేజరు త్రినాధరావు ఏటన్నాడో తెల్సా? 'ఆ బాతు రాపోతే నువ్వూ రాకు' అన్నాడు."

ఆదం రీలు ఎలుతురుకెత్తి సూసేడు. బొటనేలి గోరంత బొమ్మలు, ఒకదాని కిందొకటి. అన్నిట్లోనూ అదే పిల్ల, అదే ఏరు. మూల మీద సూదితో గీకేడు. నలుపు పోయి తెల్లగీత మెరిసింది.

"తెల్ల బాతేనా, బావా?"

"తెల్లదే."

"అయితే ఈ బొమ్మల మీద బాతుని నాను కొడతాను."

ఆ మాట హాలు దాకా ఎల్లింది. త్రినాధరావు పనిగట్టుకునొచ్చి నవ్వేడు. "ఇత్తడి బిందనుకున్నావేటోయ్, పెళ్లికూతురి పేరెయ్యడానికి?"

ఆదం గడియారాలు బాగుసేసే వలి కాడ బూతద్దం తెచ్చి కంటికి బిగించేడు. రెండొందల నలభై బొమ్మలున్నాయి. పొద్దుగూకేసరికి యాభై బాతులు కొట్టేడు. హాల్లో ఏసి సూసేరు. పిల్ల జడ ఊగతంది, నీళ్లు పారతన్నాయి. బాతు మాత్తరం అవతలి ఒడ్డున గుంజనాగ నిలబడిపోనాది.

"యాభై కొట్టేను, ఒక్కదాన్లో తేడా నేదు! ఇదేటి బావా?"

మీరా సాహెబు నెత్తి కొట్టుకున్నాడు. "తేడా నేకే కదల్నేదు! ఒక్కో బొమ్మకీ రవంత జరగాల."

ఆదం పేణం సివుక్కుమంది. తేడా రాకండా కొట్టడానికే గదా ఇన్నాళ్లూ సేతేళ్లు అరగదీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రెహానా ఆడి సెయ్యట్టుకుని పెరట్లోకి లాగింది. "ఏటయ్యా, మన బాతుల్ని ఏనాడైనా సూసేవా? గింజలేత్తాను, సూడు."

ముందు మెడ సాగతాది. ఎనకాల ఒళ్లు వత్తాది. ఆ ఎనక తోక ఊగతాది. గింజలైపోయేదాకా ఆదం రెప్పెయ్యనేదు. అప్పుడు సూది తీసేడు. ముందు గీకినియ్యి సెరపడానికి నేదు, మిగిలిన బొమ్మల మీద నూట తొంబై బాతులు కొట్టేడు. ఒకటి కొట్టినట్టు ఇంకోటి కొట్నేదు.

ఆదోరం హాలు నిండిపోయింది. కె. కోటపాడు నుంచి పిల్లలు ఎడ్లబళ్ల మీద వచ్చేరు. తలుపు కాడ త్రినాధరావు సేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆకరి ముక్క వచ్చింది. ఒడ్డున పిల్ల. అవతల బాతు, కదల్దు. ఆ పాడు యాభై బొమ్మలూను! ఆదం కళ్లు మూసేసుకున్నాడు.

హాలంతా గప్‌చిప్. ముందు బెంచీలోంచి ఓ ఆడగుంట లేచి అరిసింది. "ఏటే అలా నిలబడిపోనావు? రాయే బాతూ!"

బాతు మెడ సాపింది.

హాలు పేలిపోయింది! బాతు నీట్లో దిగింది, మెరుపునాగ వణుక్కుంటా, తోకూపుకుంటా ఈదింది. వచ్చి పిల్ల ఒళ్లో ముక్కెట్టింది. పిల్లలు బెంచీలెక్కి ఈలలేసేరు. "మళ్లీ ఎయ్యండి!" అని ఒకటే గోల. కళ్లు మూసుకున్న ఆదం ఆ గోలకి కళ్లు తెరిసేడు.

త్రినాధరావు పైకి, మిసను గదిలోకి సూసి కేకేసేడు. "మీరా సాహెబూ! సాయంత్రం ఆటకి బేగిరా!" ఎల్తా ఎల్తా ఆదం కాడ ఆగేడు. "వత్తునా మానుదునా అని బాతు అలా ఆగింది సూడు, పేణం తీసేవోయ్."

సోమారం పొద్దున్న మరిడమ్మని ఒకావిడ, కూతురి పెళ్లి బిందెలు బండెడు దింపింది.

"పిల్ల పేరేటమ్మా?" అనడిగేడు ఆదం.

"పేరెందుకయ్యా, ఊళ్లో అందరికీ ఉంటాది. బాతునెయ్యి."

"ఎన్ని బిందెలు?"

"ఇరవయ్యొక్కటి."

ఆదం ఉలి అందుకున్నాడు. "అయితే ఆకరి బిందె కాడికి ఈది ఒడ్డుకొచ్చేత్తాది."