అభ్యంతరం లేనట్టే

జ్ఞానానందం ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాడని వాళ్లు రాసిపెట్టారు. అది అబద్ధం. ఇందులో తేల్చవలసింది ఏమీ లేదు.

ఆదివారం పొద్దున ఎసట్లో బియ్యం పోస్తున్నప్పుడు కూడా అతని మనసు ఆ మాట మీదే ఉంది. భార్య పోయాక వంట మొదలుపెట్టిన మనిషి. అన్నం రోజూ అడుగంటుతుంది. అడుగంటింది గీకి తనే తింటాడు, పారేయడు. హౌరా పక్కన లిలువా రైల్వే క్వార్టర్లలో కింది వాటా అతని ఇల్లు. వానాకాలం వస్తే గోడల చెమ్మ మోకాలి ఎత్తుకు ఎక్కుతుంది. ఆ చెమ్మకు అందకుండా కంప్యూటరును ఇనుప ట్రంకు పెట్టె మీద పెట్టాడు. పక్కనే టెలిఫోను. రెండింటికీ భార్య డోర్కాస్ కుట్టిన గుడ్డ తొడుగులున్నాయి. ఆమె పోయాక వాటిని ఉతకలేదు.

యాభై దాటిన వయసు, పొట్టి ఒళ్లు, నవ్వితే తనకేదో నష్టమన్నట్టుండే మూతి. కళ్లద్దాల కాడ విరిగితే రాగి తీగ చుట్టుకున్నాడు. బొబ్బిలి పక్క పల్లెలో బడి చదువు ముగించి, మేనమామ వెంట హౌరాలో రైలు దిగి, వర్క్‌షాపులో గుమాస్తాగా చేరాడు. కంప్యూటర్లొస్తే ఉద్యోగాలు పోతాయని జనం ఎర్రజెండాలు పాతి గేటు దగ్గర కూర్చున్న రోజుల్లో, జీతాల లెక్కలు వేసే యంత్రం దగ్గర పనికి ఎవరూ ముందుకు రాలేదు. ఇతను వెళ్లాడు. ఆ తరవాత చాలాకాలం టీ దుకాణం బల్ల మీద ఇతని పక్కన ఎవరూ కూర్చోలేదు. రమ్మని ఇతనూ పిలవలేదు.

ఆ ఒంటరితనంలో దొరికింది హెరన్. అదొక వెబ్ సర్వర్ ప్రోగ్రాము. ఎవరో ఎక్కడో కంప్యూటరు ముందు కూర్చుని ఒక పేజీ అడిగితే, తీసి పంపడం దాని పని. దానికి యజమాని లేడు. ఇష్టమున్నవాళ్లు రాస్తారు, ఇష్టమున్నవాళ్లు దిద్దుతారు, జీతం లేదు. ఏది మార్చాలన్నా అందరికీ చేరే ఈమెయిళ్లలో చర్చించుకోవాలి. జ్ఞానానందం అందులో ఒక భాగం రాశాడు. పేజీ సగం వచ్చాక ఫోను లైను తెగితే, మళ్లీ కలిసినప్పుడు మొదటినుంచి కాకుండా తెగినచోటినుంచి పంపే భాగం. లిలువాలో నాలుగు చినుకులు పడితే లైను తెగుతుంది, అందుకని రాశాడు. ఏళ్ల తరబడి దాని బాగోగులు చూశాడు. అతని ఇంగ్లీషు కుంటుతూ నడిచేది. ఆ ఉత్తరాల్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

వాళ్ల చర్చలకు ఒక నియమం ఉంది. ఒకరు మార్పు ప్రతిపాదిస్తే మూడు రోజులు ఆగాలి. ఆలోగా ఎవరూ కాదనకపోతే అందరూ ఔనన్నట్టే. ఆ నియమం పెట్టినప్పుడు జ్ఞానానందం కూడా కాదనలేదు.

కిందటి చలికాలంలో రఘురాం అనే ఇంజనీరు రాశాడు: ఈ భాగం ఇప్పుడెవరికీ అక్కర్లేదు, తీసేద్దాం. ఆ మూడు రోజులూ జ్ఞానానందం కంప్యూటరు ముందు లేడు. తిరిగొచ్చి చూసేసరికి ‘అభ్యంతరాలు లేవు’ అని రాసి, తీసేసి ఉంది. ‘నేను ఒప్పుకోలేదు’ అని ఒక్క వాక్యం పంపాడు. కారణం రాయలేదు. కారణం లేని అభ్యంతరం లెక్కలోకి రాదు. అదీ వాళ్ల నియమమే.

అన్నం వార్చేసరికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో ముప్పై ఏళ్ల మనిషి, తడిసిన చొక్కా, భుజాన కంప్యూటరు సంచి.

“నమస్తే సర్. నేను రఘురాం. హెరన్ రఘురాం.”

“తీసేసినోడివి.”

“అవును సర్.” అతను నవ్వబోయి మానుకున్నాడు. “నాది వరంగల్. నది అవతల సాల్ట్ లేక్‌ల పని చేస్తున్న. మీరు ఇదే ఊర్ల ఉన్నరని నిన్ననే తెలిసింది.”

“లిలువాని ఊరని ఎవుడు సెప్పాడు నీకు? కూకో. టీ ఇత్తాను. పాలు లేవు.”

రఘురాం మంచం అంచున కూర్చున్నాడు. “సర్, కొత్త వెర్షన్ ఇయ్యాల ఆరింటికి బయటికి పోతది. అది పోయేదాక మార్పును వెనక్కి తీసుకోవచ్చు. పోయినంక మీ భాగం ఇంక ఉండదు. కారణం రాయండ్రి, నేనే మళ్ల పెడ్త.”

“లైన్లు తెగుతాయి. అదే కారణం.”

“ఇప్పుడందరికీ మంచి లైన్లు వచ్చినయి కద సర్.”

“నీ సాల్ట్ లేక్‌లో వచ్చాయేమో. ఇక్కడ వాన పడితే ఫోనుకి జలుబు సేత్తాది.”

ఈసారి రఘురాం ఆపుకోలేక నవ్వేశాడు. నవ్వుతూనే గోడ మీది ఫోటో చూశాడు. “ఆంటీ ఊరికి పోయిన్రా?”

గ్లాసులోకి టీ వంపుతున్న జ్ఞానానందం చేయి ఆగలేదు. “నువ్వు తీసేద్దామని రాసినపుడు ఆస్పత్రిలో ఉంది. అభ్యంతరాల్లేవని రాసినపుడు నాను సమాధుల తోటలో మట్టేత్తన్నాను.”

రఘురాం టీ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. దాన్ని మంచం పక్కన నేల మీద పెట్టి నెమ్మదిగా అన్నాడు: “ఆ ముక్క రాయాల్సింది సర్. ఎవ్వరూ ముట్టుకోకపోదురు.”

“అడుక్కోవాలేటి?”

“అడుక్కునుడు కాదు. మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టు కాదని రాయండ్రి. ఎందుకు మాట్లాడలేదో రాయండ్రి. సాయంత్రం దాక చూస్త.”

అతను వెళ్లాక జ్ఞానానందం కంప్యూటరు తొడుగు తీశాడు. ఇంగ్లీషులో ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ కొట్టాడు: ‘నా మౌనాన్ని మీరు అంగీకారం అని రాసుకున్నారు. మాట్లాడే స్థితిలో లేని మనిషి మౌనం అంగీకారం కాదు. ఆ రోజుల్లో నా భార్యను పాతిపెట్టాను.’ చదువుకున్నాడు. బాగుంది. ఎన్నాళ్లకో ఆకలి వేసినట్టయింది. అన్నంలో పచ్చడి కలుపుకుని, తెర వైపు చూస్తూ తిన్నాడు. చేయి కడుక్కొచ్చి పంపుదామనుకున్నాడు.

చేయి కడుగుతుండగా విజయ కుమారి గొడుగు ముడుచుకుంటూ వచ్చింది. డోర్కాస్ చెల్లెలు. రెండు వీధుల అవతల క్వార్టర్లో ఉంటుంది. మొగుడికి వాల్తేరు బదిలీ అయింది.

“వందనాలు బావా. సాయంత్రం బండికి ఎల్లిపోతన్నాం. సామానంతా ఎత్తేశారు.”

“ఎల్లండి.”

“అంతేనా? హౌరా దాకా వచ్చి బండెక్కించవా?”

“పనుంది.”

“ఛుట్టీ దినం ఏటి పని నీకు?”

మామూలుగా అయితే చెప్పేవాడు కాదు. ఆ పూట రాసింది తనకే నచ్చింది. ఆమెను కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పి, ఆ మూడు వాక్యాలూ తెలుగులో చదివి వినిపించాడు. ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ వింది.

“బాగా రాశావు,” అంది. “మా డోర్కాసప్పకి కూడా సదివి వినిపించాల్సింది.”

“ఏటి?”

“ఈ వాల్తేరు బదిలీ ఏళ్ల కిందట ముందు నీకే వచ్చింది. కాయితం తెచ్చి, ఎల్దామా ఉందామా అని అప్పని ఒక్కపాలి అడిగావు. అప్ప మాటాడలేదు. డోర్కాసు ఉండిపోదామంది అని ఊరందరికీ సెప్పుకున్నావు.”

“కాదనలేదు కదా.”

ఆ మాట అతని నోట్లోంచి మామూలుగానే వచ్చింది. వచ్చాక మాత్రం తనకే వినపడింది. విజయ కుమారి తెర వైపు చూసింది, అక్షరాలు తనకు అర్థం కాకపోయినా.

“నీకప్పుడే ఇంట్లోకి ఫోను లైను వచ్చింది. నువ్వు సిన్నపిల్లోడిలా మురిసిపోతంటే సూసి అప్పకి నోరు రాలేదు. నా కాడికొచ్చి ఏడ్సింది. అమ్మ కాడికి ఎల్లిపోవాలని ఉంది, ఈ సెమ్మ గోడల మద్దె సచ్చిపోతానేమో అంది. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఇంక నాను ఈ ఊళ్లో ఉండను. అందుకు సెప్పాను.”

జ్ఞానానందం తెర వైపే చూస్తున్నాడు.

“మాటాడు బావా. తిట్టయినా తిట్టు.”

వీధిలో రిక్షావాడు గంట వాయించాడు. వాన వెలిసింది. ఆమె ఇంకాస్సేపు నిలబడి, “ఏలకింత తిను,” అని చెప్పి వెళ్లిపోయింది.

తెర మీద మూడు వాక్యాలూ అలాగే ఉన్నాయి. జ్ఞానానందం ఫోను ఎత్తి చూశాడు. లైను ఉంది. అంత వాన పడినా ఆ రోజంతా ఒక్కసారి కూడా తెగలేదు. వర్క్‌షాపు వైపునుంచి గూడ్సు బండి ఒకటి ఈడ్చుకుంటూ పోయిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా కూర్చున్నాడు. తరవాత చివరి అక్షరంనుంచి మొదలుపెట్టి చెరుపుతూ వచ్చాడు. ‘అంగీకారం’ దగ్గర వేలు ఆగింది. దాన్నీ చెరిపాడు.

ఆరు దాటాక కొత్త వెర్షన్ వెళ్లిపోయిందని ఉత్తరం వచ్చింది. అభ్యంతరాలు లేవని అందులో మళ్లీ ఉంది. ఆ ఉత్తరాలు అందుకునేవాళ్లలోంచి తన పేరు తీసేయమని రాసి పంపాడు. కాసేపటికి ఫోను మోగింది.

“సర్, రఘురాంను. చివరిదాక చూసిన. రాయలేదేంది?”

“రాయడానికేటి లేదు.”

“మరి... ఒప్పుకున్నట్టేనా సర్?”

జ్ఞానానందం ఫోను పెట్టేశాడు. ఆ సంగతి ఆ తరవాత ఎవరితోనూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. వాల్తేరునుంచి విజయ కుమారి ఫోనులో కదిపినా పెట్టేసేవాడు.

తలుపు వెనక విజయ కుమారి మరిచిపోయిన గొడుగు రెండు రోజుల్లో ఆరిపోయింది. దాని మొన కింద నాపరాయి మీద గుండ్రటి నీటి మరక మాత్రం ఉండిపోయింది.