ఆగే పాఠం

నెదెల్చో వాళ్ల తాత తన పెళ్లినాడు చర్చిలో పూజారి దీవెన చదువుతుండగానే "ఎండెక్కుతోంది స్వామీ, కాస్త తొందరగా" అన్నాడట. పెళ్లికూతుర్ని ముసుగు తీయించకుండానే రోజాతోటలోకి నడిపించాడట. మొదటి బిడ్డ పువ్వుల బస్తాలోనే పుట్టిందనీ, కొనేవాడు తొందరలో బిడ్డని కూడా కలిపి తూచేశాడనీ లోయంతా చెప్పుకుంటారు. ఇందులో సగం నమ్మినా చాలు, ఆ ఇంటి సంగతి తెలిసిపోతుంది. పొద్దెక్కితే పువ్వులో నూనె ఎగిరిపోతుంది గనుక, ఆ ఇంట్లో తరతరాలుగా ఒకటే చట్టం: ఆగనిది ముందు, ఆగేది తర్వాత.

అలాంటి ఇంట్లోకి నెదెల్చో ఆగే పాఠాన్ని తెచ్చాడు.

కూతురు రుమ్యానాది ఏడో తరగతి. జూన్‌లో పెద్ద పరీక్ష. అందులో మార్కులొస్తే పట్నంలోని లెక్కల హైస్కూలు, రాకపోతే తల్లి చదివిన కుట్టుపని బడి. పిల్లకి లెక్కలంటే ప్రాణం. పెన్కోవా టీచరమ్మ పరీక్షకి వెళ్లే పిల్లలకి రోజూ మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా పట్నంలో క్లాసు చెబుతుంది. నెదెల్చో మాత్రం నవంబర్‌లో ఫోన్లో ఒక కోర్సు చూశాడు. ఎప్పుడు వీలైతే అప్పుడు, ఎంత నిదానంగా కావాలంటే అంత నిదానంగా చదువుకోవచ్చట.

"చూశావా తల్లీ! నీ గుర్రం, నీ కళ్లెం," అన్నాడు.

"టీచరమ్మ క్లాసయితే బస్సొస్తుంది నాన్నా. బస్సొస్తే వెళ్లాలి కదా."

"అదేగా బాధ! దీనికి బస్సూ లేదు, గంటా లేదు."

"అందుకే," అంది పిల్ల మెల్లగా. ఆ మాట ఇంకెవరికీ వినబడలేదు. నెదెల్చోకి వినబడింది గానీ, వినబడనట్టు ఉండటం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

మార్చి ఒకటి దాకా చూద్దామన్నారు. కోర్సు పిల్లకి పడితే సరే, లేకపోతే క్లాసు. టీచరమ్మ అప్పటిదాకా ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతానంది.

రుమ్యానా మధ్యాహ్నం బడి నుంచొచ్చి ఫోను తెరిచేది. తల్లి దాఫీనా కుట్టు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు, రాత్రి గానీ రాదు. "పాఠం ఎక్కడికీ పోదు గానీ, నా కాళ్లకి మందు రాయవే," అనేది నానమ్మ స్టాంకా. మందు రాసి వచ్చేసరికి కుంపటి ఆరేది. కుంపటి రాజేస్తే పక్కింటావిడ కాఫీకి దిగేది. కాఫీ ఇవ్వకుండా పాఠం వింటే పిల్లకి పెద్దంతరం చిన్నంతరం లేదంటారు. ఇంతలో వాకిట్లోంచి నెదెల్చో కేక: "అమ్మాయ్! అది ఆపి ఒక్కసారి రా!"

ఆపేది. అది ఆగేది. ఎంత మంచి పాఠమో, ఎక్కడ ఆపితే అక్కడే నోరు మూసుకుని కూర్చునేది.

అయినా ఫోన్లో పచ్చగీత మాత్రం రోజురోజుకీ పెరిగేది. యాభై శాతం, డెబ్భై, ఎనభై. నెదెల్చో ఆ గీతని తాగుడంగట్లో అందరికీ చూపించాడు. గెంచో బాబాయ్ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసి, "మా కాలంలో గాడిద కూడా ఇంత తొందరగా కొండెక్కలేదురా," అన్నాడు.

ఫిబ్రవరి చివర్లో మేకలు ఈనడం మొదలైంది. ఆ సాయంత్రం నెదెల్చో పాకలోకి వెళ్లేసరికి, గడ్డి మీద ఫోను సమీకరణాలు చెబుతోంది. రుమ్యానా మోచేతుల దాకా తడిసి మేకపిల్లని లాగుతోంది. "అర్థమైతే ముందుకు నొక్కండి," అంది ఫోను. పిల్ల మోచేత్తో నొక్కింది.

"మేకలన్నీ హైస్కూలుకి తయారయ్యాయే!" అన్నాడు నెదెల్చో.

పిల్ల నవ్వలేదు. "చేతులు ఖాళీ లేవు నాన్నా. నొక్కకపోతే గీత కదలదు. కదలకపోతే చదవట్లేదంటావు."

"మరి అర్థమయిందా?"

"తొమ్మిదో పాఠం దాకా అయింది."

"ఇప్పుడెన్నోది?"

"అరవై ఒకటి." మేకపిల్ల ముక్కు తుడుస్తూ అంది, "నన్ను క్లాసుకి పంపు నాన్నా. ఇంకా నాలుగు రోజులున్నాయి."

ఆ నాలుగు రోజులూ నెదెల్చో నిజంగానే ఆలోచించాడు. పిల్ల బస్సెక్కితే మేకల్ని ఎవరు చూస్తారు? అమ్మ కాళ్లు? కుంపటి? మార్చిలో రోజాకొమ్మల కత్తిరింపు. దారి లేదా అంటే ఉంది. తనే మూడింటికి తోట నుంచి ఇంటికొచ్చెయ్యాలి. ఆ దారిని ఒకసారి చూశాడు. చూసి, పనికిరాని కత్తెరని అటకమీద పెట్టినట్టు పక్కన పెట్టాడు.

మార్చి ఒకటిన టీచరమ్మ వచ్చి, ఆ రోజు పండగకి అందరూ కట్టుకునే ఎరుపూ తెలుపూ పేనిన దారాన్ని పిల్ల మణికట్టుకి కట్టింది.

"ఏం నిశ్చయించారు నెదెల్చో గారూ?"

అతను ఫోను తీసి చూపించాడు. "తొంభై ఆరు శాతం టీచరమ్మా! మా పిల్లకిదే పడింది."

"గీత నిండింది, చూస్తున్నాను. ఒక చిన్న లెక్క అడగనా?"

"లెక్కలడగడానికి జూన్ ఉందిగా!" అని పెద్దగా నవ్వాడు.

టీచరమ్మ పిల్ల వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. పడిందా?"

రుమ్యానా తండ్రిని చూసింది. తండ్రి బల్లమీది రొట్టెని కోస్తున్నాడు. కోసిన ముక్కనే మళ్లీ కోస్తున్నాడు.

"నాన్న చెప్పారుగా," అంది పిల్ల.

ఆ కుర్చీలో మర్నాటి నుంచి ఇంకెవరి పిల్లవాడో కూర్చున్నాడు.

జూన్ చివర మార్కులొచ్చాయి. నూటికి ముప్పైనాలుగు. కుట్టుపని బడిలో పేరు రాయించి వస్తూ తండ్రీకూతుళ్లు తాగుడంగడి ముందు ఆగారు. గెంచో అరుగుమీదే ఉన్నాడు.

"ఏరా, తొంభై ఆరు ఏమైంది?"

"ఏం చెప్పను బాబాయ్! ఫోనిచ్చాను, కోర్సిచ్చాను, రోజంతా దాని చేతికే ఇచ్చాను. ఇంతకంటే ఏ తండ్రి ఇస్తాడు? పిల్లే బద్ధకించింది."

అని కూతురి వైపు చూశాడు. పిల్ల ఒక్క మాట ఎదురు చెబితే బాగుండునని అతనికి ఎంత ఉందో! చెబితే కసురుకుని, ఆ కసుర్లో తన మాటని తనే నమ్మేసేవాడు.

"అవును తాతయ్యా," అంది రుమ్యానా. "నాదే బద్ధకం."

గెంచో "పోనీలే, కుట్టేవాళ్లకి ఎక్కడైనా బతుకుంది," అని నిమ్మరసం ఇప్పించబోతే, వద్దని ముందు నడిచింది. నెదెల్చో నాలుగడుగుల వెనక నడిచాడు. వెనకనుంచి మెడ మాత్రమే కనబడుతోంది. ముఖం ఎలా ఉందో చూడాలనిపించింది. పిలిస్తే చాలు, ఏ పనిలో ఉన్నా ఆపి వస్తుంది. అది తెలిసే, ఇల్లు చేరేదాకా పిలవలేకపోయాడు.