అర స్వరం కింద

ఇంట్లో ఒంటరిగా పియానో శ్రుతికి పాడితే ఆ పై స్వరం పలకదు. పక్కన పాత తోడు వాద్యకారుడు వన్నెస్ వాయిస్తుంటే పలుకుతుంది. ఏడాదిగా ఇదే వరస. దీనికి వీర్లె తానే ఒక కారణం వెతికి పెట్టుకుంది: ఒంటరితనం గొంతును బిగదీస్తుంది, తోడు వదులు చేస్తుంది. యాభై ఆరేళ్ల మనిషికి ఆ కారణం హాయిగానే ఉంది. ఆ స్వరం పలికినన్నాళ్లూ పాడతాను, పలకని రోజున మానేస్తాను అని ఆమె ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది.

ఈస్టర్‌కు ముందు వచ్చే బుధవారం. సాయంత్రం బెల్జియంలో, గెంట్‌లోని పాత మఠం ప్రార్థనాలయంలో బైబిల్లోని యిర్మీయా విలాపాలు పాడాలి. ఎన్నో ఏళ్లుగా అక్కడ పాడేది ఆమే. మధ్యాహ్నం సాధనలో ఆ స్వరం ముగ్గిన పండులా నోట్లోంచి జారింది.

"చూశావా ముసలాడా! నన్నప్పుడే పూడ్చిపెట్టకు."

"పూడ్చాలంటే నా నడుం ఒప్పుకోవాలిగా తల్లీ," అన్నాడు వన్నెస్, పియానో లాంటి పాత తీగల వాద్యం హార్ప్సికార్డ్ మెట్ల మీంచి తలెత్తకుండా.

అతను కాఫీ తేవడానికి బయటికెళ్లాడు. వీర్లె కళ్లద్దాలు తీసుకుందామని వాద్యం దగ్గరికి వెళ్లింది. పక్కకు జరిగే మెట్ల వరుసను కదలకుండా ఆపే చిన్న చెక్క ఎప్పుడూ ఎడమ పక్కన ఉండేది. ఇప్పుడది కుడి పక్కన ఉంది. వరుస మొత్తం ఎడమకు జరిగింది. ప్రతి మెట్టూ పక్క తీగను, అర స్వరం కింది తీగను, మీటుతోంది; అందుకే ఆ పై స్వరం అందుతోంది.

ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. భయపెట్టింది అదే. ముప్పై ఏళ్లు అసలు శ్రుతిలోనే నిలబడిన ఒళ్లు ఇది. దీనికి తెలియకపోవడమేమిటి? తెలుసుకోకుండా ఉండటానికి ఏడాదిపాటు ఎంత కష్టపడి ఉంటుంది తను!

వన్నెస్ రెండు కప్పులతో వచ్చాడు. చెక్క మీద ఆమె చెయ్యి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన ఈస్టర్ అయ్యాక."

"నన్నడగొచ్చుగా."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"మరింకేం."

ఆమె కప్పు అందుకుంది కానీ తాగలేదు.

"వెనక్కి జరపనా?" అన్నాడతను మెల్లగా.

"వద్దు. ఈ ఒక్కసారికి ఉండనీ."

సాయంత్రం ఒక్కో కీర్తన ముగిశాక ఒక్కో కొవ్వొత్తి ఆర్పుతూ వచ్చారు. వీర్లె పాడింది. పై స్వరం సునాయాసంగా వచ్చింది. ముందు బల్ల మీద ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఎరువు సొమ్ము బరువు చేటంటారు. ఆ బరువు వీర్లె మెడ మీద, భుజాల మీద తెలిసింది. అంత బాగా ఆమె ఈమధ్య ఎప్పుడూ పాడలేదు.

చివరి కొవ్వొత్తిని ఆర్పకుండా బలిపీఠం వెనక్కి తీసుకెళ్లి దాచారు. ఈ ఆరాధనలో చప్పట్లు ఉండవు. చీకట్లో అందరూ పుస్తకాలతో బల్లల మీద దబదబా బాదారు, క్రీస్తు మరణించినప్పుడు భూమి కంపించినట్టు, ఏటా చేసినట్టే.

ఆ మోతలో వీర్లె వాద్యం దగ్గరికి తడుముకుంటూ వెళ్లి చెక్క పీకేసింది. రెండు చేతులతో మెట్ల వరుసను కుడివైపుకు, అసలు శ్రుతిలోకి నెట్టింది. వన్నెస్ వేళ్లు ఇంకా మెట్ల మీదే ఉన్నాయి. అవీ దాంతోపాటే జరిగాయి. అతను వాటిని తియ్యలేదు.

దాచిన కొవ్వొత్తి తిరిగొచ్చేసరికి చెక్క ఎడమ పక్కన ఉంది.