చర్న్ అవుట్ అంటే

"చర్న్ అవుట్ అంటే తయారుచేయడమే. కాకపోతే ఆలోచన లేకుండా, ఆగకుండా, గుట్టలు గుట్టలుగా చేసి పడేయడం" అని చెప్పి, ఇంగ్లీషు చెప్పే తారకేశ్వరరావు మాస్టారు బోర్డు మీద ఉదాహరణ రాశారు. పలాస ఆడవాళ్లు రోజూ జీడిపప్పు చర్న్ అవుట్ చేస్తారు.

పదో తరగతి అంతా రాసుకుంది. ఝాన్సీలక్ష్మి కలం మాత్రం కదల్లేదు. వాళ్లమ్మ దాలమ్మ పదిహేనేళ్లుగా ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీస్తోంది. పప్పు బద్దలుగా విడిపోకుండా గుండుగా తీయడానికి ఆవిడ పెట్టింది పేరు. ఆ మాట అమ్మకు తగదని లేచి చెప్పాలనుంది. కానీ లేవలేకపోయింది. రేపు ఆ మాటతో ఎవరి వాక్యం వాళ్లు రాసుకొచ్చి చదవాలన్నారు మాస్టారు. రేపైనా చెప్పి తీరాలి.

సాయంత్రం దాలమ్మ వచ్చి అరుగు మీద కూలబడింది. పక్కింటి జోగమ్మ కూడా ఆ ఫ్యాక్టరీ నుంచే వచ్చి పక్కన చేరింది.

"అమ్మా, పప్పు ఎలా తీత్తావో సెప్పవా? ఇంగిలీసులో రాయాల."

"ఏటుందే గుంటా సెప్పడానికి?"

"సంటిపిల్లకి నలుగెట్టినట్టు తీత్తాదని రాయవే" అని నవ్వింది జోగమ్మ. "మేస్త్రీ అలాగే దెప్పేవోడు."

"అదెప్పటి మాటొదినా!" అంది దాలమ్మ. "ఇప్పుడు గుండు పప్పంతా మిషనే తీత్తాది. దానికి లొంగని మొండి పొట్టు పప్పు మా ముందు పోత్తారు. ఎన్ని కిలోలయ్యాయనే గాని, ఎలా తీసేవని అడిగినోడు లేడు. సేతులాడతంటాయి, బుర్రెక్కడో ఉంటాది. ఇంతకీ మాస్టారు రాసిన మాటేటి?"

ఝాన్సీ తల వంచుకుని అర్థం చెప్పింది.

దాలమ్మకు కోపం రాలేదు. "సరిగ్గానే రాసేడు గదే" అంది. "కాసిన్ని నీళ్లట్రా."

మర్నాడు ఝాన్సీ వంతు వచ్చింది. రాత్రి రాసుకున్న నలుగు వాక్యాన్ని పొద్దున్నే కొట్టేసింది. ఇప్పుడు లేచి, దాని కింద రాసుకున్నది వినపడీ వినపడనట్టు ఇంగ్లీషులో చదివింది.

"మా అమ్మ జీడిపప్పు చర్న్ అవుట్ చేస్తుంది. అలా చేయడం ఆమెకు ఇష్టం లేదు."

"బాగుంది. కానీ అడిగింది ఒక్క వాక్యమే కదమ్మా" అన్నారు మాస్టారు.

"ఒక్కటైతే సగమే అవుతాదండి" అని ఝాన్సీ కూర్చుంది.