కాటా గదిలో పాత కంప్యూటరు

లారీ వెనక చక్రాలు కాటా పలక మీదికి ఎక్కుతుండగానే తెర నల్లబడింది. పొద్దుటి నుంచి ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్క తప్పింది. అతను కీబోర్డు మీద వేళ్లు అలాగే ఉంచి, నల్లటి తెరలో తన నెరిసిన మీసం చూసుకున్నాడు. డ్రైవరు తల బయటపెట్టాడు.

“ఏంటి బాబాయ్, మళ్లీ పడుకుందా?”

“లేస్తుంది. కాస్త ఆగు.”

లేచింది. తూకం చూసి చీటీ అందించాడు. లారీ దిగిపోయాక కుర్చీలో కూర్చోలేకపోయాడు. గుమ్మం దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, సెల్‌ఫోను తీసి చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ ఇరుకు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరగడం తప్ప ఏమీ తోచడం లేదు. బావమరిది ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. భార్య తమ్ముడి మంచం వదిలి కదలడం లేదు. వీలు చూసుకుని త్వరగా రమ్మని పొద్దున ఫోనులో చెప్పింది. సాయంత్రం డ్యూటీ మనిషి వచ్చేదాకా వీలెక్కడిది?

మీసాలు సరిగా మొలవని వయసులో అతను ఈ గదిలో పనికి వచ్చాడు. లారీలు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూగి వెళ్లిపోయేవి. అవి ఎక్కడికి పోతాయో ఏనాడూ అడగలేదు. స్క్రూడ్రైవరు చేతపట్టింది లేదు. ఇంట్లో బల్బు పోయినా, కుళాయి కారినా “నా బావమరిది ఉన్నాడుగా” అనేవాడు. పెళ్లినాడు అక్క కొంగు పట్టుకుని ఏడ్చిన ఆ పిల్లాడే పెరిగి కంప్యూటర్లు బాగుచేసే పని నేర్చుకున్నాడు. ఈ పాత కంప్యూటరు మొరాయించినప్పుడల్లా వచ్చి, దుమ్ము దులిపి, బావతో టీ తాగి వెళ్లేవాడు. జబ్బు చేశాక రాలేదు.

మధ్యాహ్నానికి లోపలి ఫ్యాను ఊళపెట్టడం మొదలెట్టింది. తెర మూలన ప్రాసెసరు వేడి చూపించే అంకె తొంభై దాటింది. పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున తీసుకున్నాడు. ఇంతలోనే అది ఆరిపోయింది. ఈసారి మీట నొక్కినా లేవలేదు. బయట లారీలు బారులు తీరాయి.

ఇదీ ఒకందుకు మంచిదే అనిపించింది. తూకమే లేనప్పుడు తనెందుకు? తాళంచెవి అందుకుని భార్యకు ఫోను చేశాడు. బావమరిదే ఎత్తాడు.

“బయల్దేరుతున్నానోయ్. ఇక్కడ కంప్యూటరు చచ్చింది.” అనేసి నాలుక కరుచుకున్నాడు.

“చావలేదు బావా. వేడెక్కి ఉంటుంది.” గొంతు సన్నగా, ఆగి ఆగి వచ్చింది. “రావడం తర్వాత. ముందు సైడు మూత తియ్.”

“నేనా?”

“కాదు, లారీ డ్రైవరు.”

ముందు ప్లగ్గు పీకించాడు. కాసేపు చల్లారనిచ్చి స్క్రూలు విప్పించాడు. ప్రాసెసరు మీద ఉండే లోహపు రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. అతను ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, పాత పెయింటు బ్రష్షుతో ఊడ్చాడు. వరసగా తుమ్ములు వచ్చాయి. అవతల బావమరిది నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.

“వాడు మాస్కు తీసేసి మాట్లాడుతున్నాడండీ. ఇంకెంతసేపు?” భార్య గొంతు.

“పెట్టేస్తాలే.”

“పెట్టకు బావా, అక్క అలాగే అంటుంది. స్క్రూలు విప్పాక ఆ రేకుల దిమ్మెను ఊరికే పైకి లాగకు. అటూ ఇటూ కొంచెం తిప్పి వదులు చెయ్.”

ఊడి వచ్చింది. అడుగున వేడిని లాగే పేస్టు ఎండి పొడిపొడిగా రాలింది. మెత్తటి గుడ్డకు స్పిరిటు అద్ది తుడిచాడు. సొరుగులో బావమరిది ఎప్పుడో వదిలేసిన సిరంజీలాంటి గొట్టం ఉంది. దాంట్లోంచి కొత్త పేస్టు బియ్యపుగింజంత పెట్టాడు.

“ఇంతేనా? ఇంకాస్త వెయ్యనా?”

“గోడకి సున్నం కాదు బావా.”

దిమ్మెను మళ్లీ కూర్చోబెట్టి, ఒక మూల కాస్త, ఎదురు మూల కాస్త స్క్రూలు బిగించాడు. పెట్టెను గోడకు ఎడంగా జరిపి, ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. తెర వెలిగింది.

“ఎంత చూపిస్తోంది?”

“ఆగు... యాభై. యాభై దగ్గరే ఉంది.”

చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. “చూశావా,” అన్నాడు బావమరిది. “ఇక నేను రాకపోయినా నడుస్తుంది.”

“నోర్ముయ్. సాయంత్రం వస్తా.”

“రా. తొందరేం లేదు.”

ఆ తర్వాత కంప్యూటరు ఒక్కసారీ ఆగలేదు. అయినా అతను కుదురుగా లేడు. ప్రతి లారీకీ తెర మూలన అంకె చూసుకున్నాడు. ఎవరితోనైనా చెప్పాలనిపించి, చీటీ తీసుకుంటున్న డ్రైవరుతో “నేనే విప్పి బాగుచేశా” అన్నాడు. “అలాగా” అని డ్రైవరు లారీ ఎక్కాడు.

సాయంత్రం డ్యూటీ మనిషి రాగానే బస్సెక్కాడు. సీటు ఖాళీ అయినా నిలబడే వెళ్లాడు.

వార్డు బయట బల్ల మీద భార్య కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవలేదు. ఆమె చేతులు ఒళ్లో ఊరికే పడి ఉండడం చూడగానే అతనికి తెలిసిపోయింది.

“ఫోను చెయ్యలేదేం?”

“మీరు బస్సులో ఉంటారు. ఒక్కరే. పొద్దుటి నుంచి కళ్లు మూసుకునే ఉన్నాడు. మీ ఫోను మోగితే నా చేతిలోంచి లాక్కున్నాడు. మాట్లాడినంతసేపూ మనిషిలా ఉన్నాడండీ. పెట్టేశాక, బావ బాగానే చేశాడక్కా అని, అటు తిరిగి పడుకున్నాడు. ఇందాక లేపబోతే... అంతే.”

అతను ఆమె పక్కన కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

సామాను తీసుకోమని నర్సు పిలిచింది. మంచం మీద పక్క అప్పుడే మార్చేశారు. భార్య సంచి సర్దుతుంటే అతను వంగి మంచం కిందికి చూశాడు. గోడవారగా ఒక జత రబ్బరు చెప్పులున్నాయి. తెగిన ఎడమ పట్టీని, వైర్లను కట్టే నల్లటి ప్లాస్టిక్ పట్టీతో బిగించి, మిగిలిన కొసను కాలికి గుచ్చుకోకుండా నున్నగా కత్తిరించి ఉంది.