ఇంట్లో అందరికీ వచ్చిందే

ఆ ఇంట్లో కళ్ళకలక దూరి వారమైంది. మొదట మనవరాలికి, తర్వాత కొడుక్కి, ఆపైన కోడలికి. పొద్దున్నే పుసితో రెప్పలు అతుక్కుపోవడం, రోజంతా దురద. మందుల షాపు చుక్కలతో అందరికీ నయం చేసిన కోడలికి "డాక్టరమ్మ" అనే బిరుదు దక్కింది. బిరుదొచ్చాక చెయ్యి ఊరుకుంటుందా? అత్తగారి కుడికన్ను ఎర్రబడగానే అదే సీసా తీసింది.

"నొప్పిగా ఉందమ్మాయ్," అంది అత్తగారు.

"ఇంట్లో అందరికీ వచ్చిందేగా అత్తయ్యా! మీకేమైనా ప్రత్యేకంగా వచ్చిందా?"

రెడీమేడ్ చొక్కాలకు గుండీలు కుట్టే అత్తగారు, తలనొప్పికి గుడ్డ బిగించుకుని కుడుతూనే ఉంది. మూడో రోజు వాంతి చేసుకుంటే అజీర్తి అనుకున్నారు.

ఆ సాయంత్రం లైటు వేయగానే అత్తగారు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బల్బు చుట్టూ ఆ రంగుల చక్రాలేమిటే?"

కోడలు చప్పున దగ్గరికొచ్చింది. అత్తగారి మొహం పట్టుకుని చూసింది. పుసి లేదు. దురదా లేదట. ఎడమకన్ను తేటగా ఉంది. కుడికంటి నల్లగుడ్డు మీద మాత్రం ఆవిరి పట్టినట్టు మసక. తమ ముగ్గురి కళ్ళూ ఎర్రబడ్డాయే గానీ చూపు ఏ రోజూ తగ్గలేదు. తగుదునమ్మా అని వైద్యానికి దిగిన తనను తానే తిట్టుకుంటూ, అత్తగారిని కంటి ఆసుపత్రికి పరుగున తీసుకెళ్ళింది.

"ఇది కలక కాదమ్మా. కంట్లో ఒత్తిడి బాగా పెరిగిపోయింది," అన్నాడు డాక్టరు. "ఎప్పటినుంచి?"

"ఈ పొద్దుటినుంచే బాబూ," అంది అత్తగారు గబుక్కున.

కోడలు ముందుకు జరిగింది. ఆలస్యాన్ని దాస్తే ఆ కన్ను ఏమవుతుందో!

"కాదండీ. మూడు రోజులైంది. కలకేనని నేనే కొట్టిపారేశాను."

వెంటనే మాత్రలు, సూది, చుక్కలు. గంట గడిచేసరికి తలనొప్పి తగ్గింది. ఆ గంటలో కోడలు మొక్కని దేవుడు లేడు. తనను ఎవరేమన్నా పడుతుంది, ఆ చూపొక్కటీ నిలిస్తే చాలు.

డాక్టరు అత్తగారి ఎడమకన్ను మూసి, ఆమె ఎదుట చెయ్యి ఎత్తాడు. "ఎన్ని వేళ్ళు కనిపిస్తున్నాయమ్మా?"

"రెండు," అంది అత్తగారు తడుముకోకుండా. "చక్కగా కనిపిస్తున్నాయి. మా అమ్మాయిని ఇక ఏడవొద్దని చెప్పండి."

డాక్టరు ఎత్తి పట్టుకున్నది పిడికిలి. కోడలు చప్పుడు కాకుండా రెండు చేతులతో నోరు మూసుకుంది.