శనివారం సరుకులు

"పావుకిలో జీలకర్రకి ఇంతసేపా?" అని జ్ఞానప్రకాశం అడగడం, ప్రిస్కిల్లా సంచి బల్ల మీద పెట్టి లెక్క అప్పజెప్పడం ఆ ఇంట్లో ప్రతి శనివారం జరిగే తంతు.

"కళ్ళెదురు అరలో పెట్టిన కందిపప్పు తీసుకోలేదండీ. కింది అరలో వంగి చూస్తే అలాంటి పప్పే, కిలోకి పాతిక తక్కువ. నాలుగు సబ్బులు కలిపి కట్టి ఆఫరన్నారు గానీ, విడిగా కొంటేనే చవక. బిస్కెట్ ప్యాకెట్ ధర అదే, బరువు మాత్రం తగ్గించేశారు. వదిలేశా."

ఆయన తృప్తిగా తలాడించేవాడు. ఆదివారం చర్చి అయ్యాక "మా ఆవిడని ఏ షాపువాడూ బురిడీ కొట్టించలేడు" అని నలుగురిలో చెప్పుకునేవాడు కూడా. యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు, క్యాంపస్‌లోనే క్వార్టరు, నెమ్మదైన మనిషి. చేయి చేసుకున్నదీ లేదు, గొంతు పెంచిందీ లేదు. తాగిన గ్లాసు తీసిందీ లేదు.

అసలు సంగతి ప్రిస్కిల్లా ఎవరికీ చెప్పలేదు. తార్నాకలోని ఆ సూపర్ మార్కెట్‌లో ఆమెకి పట్టేది అరగంట. తోపుడు బండి ముట్టుకోదు. నాలుగు వస్తువులు వేసినా ఇంకా ఖాళీగానే కనపడి మనసు పీకుతుందని చేతిబుట్టే పట్టుకుంటుంది. తొంభై తొమ్మిదిని వంద అనే చదువుకుంటుంది. కౌంటర్ దగ్గర చాక్లెట్ల వైపు కన్నెత్తి చూడదు. "మీలాంటోళ్ళు ఇంకో పది మంది వస్తే మా దుకాణం బందే ఆంటీ" అని బిల్లు కొట్టే సింధూజ నవ్వుతుంది. పొద్దున కాలేజీ, సాయంత్రం కౌంటర్, ఆ పిల్లకి కూర్చునే తీరికే లేదు.

మిగతా సమయం ప్రిస్కిల్లాది. తిరిగొస్తూ క్వార్టర్స్ దారి పట్టకుండా ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్ళి, చెట్ల కింద సిమెంటు బెంచీ మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. గ్రూప్స్ పరీక్షల పిల్లలు పైకి చదువుకుంటూ ఉంటారు, కొందరు పోట్లాడుకుంటారు, కొందరు చేతులు పట్టుకుని నడుస్తారు. ఆమె ఏమీ చెయ్యదు. ఏదన్నా అందించమని ఎవరూ అడగరు. ఏమాలోచిస్తావంటే చెప్పలేదు. ఒక్కోసారి తెనాలిలో డిగ్రీ చదివిన రోజులు, ఒక్కోసారి అవీ కాదు. వారం మొత్తంలో తను అనే మనిషి ఒకతి ఉందని ఆమెకి గుర్తొచ్చేది అక్కడే.

మొదట్లో ఒకసారి చీకటి పడ్డాక ఇల్లు చేరితే, "ఎక్కడ తిరిగొస్తున్నావమ్మా?" అన్నారు అత్తగారు. ఏం చెప్పాలో తోచక "నూనె నాలుగు షాపుల్లో చూశానత్తయ్యా, నలభై మిగిలింది" అనేసింది. అంతే, ఇంకెవరూ ఏమీ అడగలేదు. డబ్బు మిగిల్చి చూపిస్తే ఆలస్యం మాఫీ అని ఆ రోజు తెలిసింది. షాపుల మాయలన్నీ ఆమె నేర్చింది అందుకే. పప్పుల్లో, సబ్బుల్లో మిగిల్చి ఆ బెంచీకి అద్దె కడుతూ వచ్చింది.

మొన్న ఆదివారం జ్ఞానప్రకాశం ఫోన్ పట్టుకొచ్చాడు. "మా ఆఫీసులో నాగేష్ చూపించాడు, కొత్త యాప్. సరుకులు ఇంటికే తెస్తారు. డెలివరీ ఫ్రీ!"

ప్రిస్కిల్లా చూసింది. డెలివరీ ఫ్రీ కావాలంటే బిల్లు ఇంత కావాలన్నారని ఆయన రెండు తేనె సీసాలు కలిపాడు. వాళ్ళింట్లో తేనె ఎవరూ ముట్టరు. నోరు తెరవబోయింది.

"నీకు మోకాళ్ళ నొప్పి కదా, శ్రమ తగ్గుతుంది. శనివారం సాయంత్రం మొత్తం మిగిలినట్టే" అన్నాడాయన.

"అయితే అప్పుడు నా కాళ్ళకి కాస్త నూనె రాస్తుందిలే" అన్నారు అత్తగారు మంచం మీంచి. "రామంతాపూర్‌లో ఉన్న నీ చెల్లెల్ని కూడా రమ్మందాం."

"చర్చి కమిటీ మీటింగ్ కూడా శనివారాలు మనింట్లోనే పెడతా. టీ, పకోడీలు చాలు" అన్నాడాయన.

ఆమె సాయంత్రాన్ని ఆమె ఎదురుగానే పంచేసుకున్నారు. అదీ ప్రేమగా. ఏడుపొచ్చింది ఆమెకి. కోపంగా లాక్కుంటే పోట్లాడొచ్చు, మోకాళ్ళ మీద జాలితో లాక్కుంటే ఏమని పోట్లాడుతుంది?

వారమంతా అంట్లు తోముతూ లెక్కలు వేసుకుంది. యాప్ ధర ఇంత, షాపు ధర ఇంత. ఆ తేనె సంగతి చెబితే చాలు, తనే గెలుస్తుంది. మళ్ళీ సంచి పట్టుకుని వెళ్ళొచ్చు. గెలుపు చేతిలో పెట్టుకుని కూడా ఆమెకి సంతోషం కలగలేదు. రేపు నిజంగానే ఎవడో ఇంతకన్నా చవగ్గా ఇస్తానంటే? అప్పుడు తను ఏ ముఖంతో వెళ్తుంది? ఇన్నేళ్ళూ తన గంట విలువ కందిపప్పు ధరని బట్టి ఉండనిచ్చింది తనే కదా అనుకుంటే సిగ్గేసింది, కోపమూ వచ్చింది.

శనివారం మధ్యాహ్నం సరుకులు వచ్చాయి. డబ్బాల్లో సర్దింది. తేనె గురించి ఒక్క మాటా అనలేదు. ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, చెప్పులేసుకుంది.

"అన్నీ వచ్చాయిగా, ఇంకేం మర్చిపోయావు?" అన్నారు అత్తగారు.

జ్ఞానప్రకాశం పేపర్లోంచి తలెత్తాడు. "చెప్పు, ఇప్పుడే ఆర్డర్ పెడతా."

"ఏమీ మర్చిపోలేదండీ. తెచ్చేదీ ఏమీ లేదు" అంది ప్రిస్కిల్లా, గుమ్మం దాటుతూ. "ఊరికే కూర్చుని రావడానికి వెళ్తున్నా."